బావ తొట్టిలో ఆక్టోపస్

జూన్ 9, 1994

అక్కకి,

వానలు పట్టాయి. నువ్వు జారిపడ్డ మెట్టు మీద గోనెపట్టా పరిచి రెండు పక్కలా మేకులు కొట్టాను. నెల ముందు చెయ్యాల్సిన పని.

మొన్న మధ్యాహ్నం పడవకి నీ ఇంటికి చేరాను. ఫోను చెయ్యమన్నావు. నువ్వేమో చక్రాల కుర్చీలో వార్డు వరండా దాకా రావాలి, నాకేమో ఆ రిసీవరు చెవికి పెట్టుకుంటే మాట రాదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే ఆగి ఆలోచించుకోవచ్చు.

కిటికీలన్నీ తెరిచి చాపలు ఆరబెట్టాను. బావ పటం ముందు పూలు మార్చాను. నీ పెరట్లో వంకాయలు ఆరు కాశాయి, నాలుగు పక్కింటి కమెయో గారికి ఇచ్చాను.

బావ తొట్టి బాగానే ఉంది. నోటుపుస్తకాలు చూశాను, మొత్తం పంతొమ్మిది. చివరిదాంట్లో బావ పోయిన ముందురోజు దాకా ఆయన రాత, తర్వాత నీ రాత, నువ్వు పడ్డ రోజు నుంచి ఖాళీ. ఆ ఖాళీ కింద ఒక గీత గీసి నేను మొదలుపెట్టాను. ఆయన రాసినట్టే రాస్తున్నాను: నీటి వేడి, ఉప్పు, ఏం తిన్నది.

తొట్టిలో ప్రాణిని బావ పుస్తకంలో ఎనిమోన్ అని రాసుకున్నాడు. నాకు చిన్నప్పటి పేరే వస్తుంది, తిత్తి అని. రాయికి అంటుకుని వేళ్ళన్నీ చాపుకుని ఉంది. అన్నం తినే పుల్లలతో ఆల్చిప్ప ముక్క అందిస్తే పట్టుకుని, మూతి తాడు లాగిన తిత్తిలాగే ముడుచుకుపోయింది. బాగా తింటోంది.

తొట్టికి రేవు నుంచి సముద్రపు నీళ్ళు తెస్తున్నాను, రెండు డబ్బాలు. మెట్లు నలభై ఒకటి. మధ్యలో ఒకసారి ఆగుతాను. బావ ఆగేవాడా?

నువ్వు సెప్టెంబరులో వస్తావన్నారు. అప్పటిదాకా ఉంటాను. నువ్వు రాగానే అవతలి రేవుకి, నా ఇంటికి పోతాను. నీకు అడ్డంగా ఉండను.

ఇవాళ నీటి వేడి ఇరవై ఒకటి. ఉప్పు సరిగ్గా ఉంది.

తమ్ముడు
తమేజి


జూన్ 17

ఒరే తమేజీ,

నువ్వు పుట్టి అరవై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో నాతో మాట్లాడినదానికంటే ఎక్కువ మాటలు ఆ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి. రెండుసార్లు చదువుకున్నాను. పక్క మంచం ఆవిడ "మీ ఆయనా అండీ?" అంది. "కాదమ్మా, తమ్ముడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం వాడికి" అన్నాను.

ఇక్కడ రోజూ పొద్దున రెండు కడ్డీల మధ్య నడిపిస్తారు. నాలుగడుగులు వేస్తే చప్పట్లు కొడతారు. నలభై ఒక్క మెట్లు రోజుకి మూడుసార్లు ఎక్కి దిగిన దాన్ని నేను. చప్పట్లు విన్నప్పుడల్లా కూర్చుండిపోవాలనిపిస్తుంది. చారులో ఉప్పు లేదు. పైకప్పు తెల్లగా ఉంటుంది, అది చూస్తూ పడుకుంటాను.

మొన్న చిజురు వచ్చింది. బావ చెల్లెలి కూతురు కదా, ఎవరూ చెప్పకుండానే నా బరువు నెత్తినేసుకుంది. మంచిపిల్లే. "అత్తయ్యా, ఆ కొండమీద ఒక్కదానివే ఎలా ఉంటావు? ఈ మిహార ఊళ్ళోనే ముసలివాళ్ళ ఆశ్రమం ఒకటి చూశాను. లిఫ్టు కూడా ఉంది" అంది.

"లిఫ్టెక్కి ఎక్కడికి పోవాలే?"

"భోజనానికి."

"ఆహా! దానికోసమే బతకాలి మరి" అన్నాను. అలిగింది.

డాక్టరు మాట ఇంకోటి. ఇంట్లో తోడు ఒక మనిషి ఉంటేనే పంపుతానంటాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదురా. తోచక, "మా ఆయన ఇరవై నాలుగేళ్ళు పెంచిన ప్రాణి ఇంట్లో ఉంది, దానికి నేను తప్ప దిక్కు లేదు, నేను పోకపోతే అది చస్తుంది" అన్నాను. ఆయన కలం కింద పెట్టి నా మొహం చూశాడు. ఆ మాట ఆయనకి ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేరు. "సరే, సెప్టెంబరు పదిన అందరం కూర్చుని తేల్చుదాం" అన్నాడు.

అర్థమైందా? ఆ పదో తారీఖు దాకా అది చావకూడదు. చచ్చిందంటే నాకు లిఫ్టే గతి.

తొట్టిలో కొత్తగా ఏదీ వెయ్యకు. బావ ఒక్క చేపపిల్లని కూడా వెయ్యనిచ్చేవాడు కాదు.

బావ రెండుసార్లు ఆగేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు.

అక్క
హిసానో


జూన్ 28

అక్కకి,

నీ ఉత్తరం రావడానికి ఐదు రోజుల ముందే నేను తొట్టిలో ఒకటి వేశాను. ఆక్టోపస్. చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

పడవ ఇచ్చేశానని నీకు తెలుసు. ఇచ్చే ముందు, ఆక్టోపస్‌లు పట్టే నా కుండలన్నీ సముద్రంలోంచి ఎత్తేశాను. ఇంక ఎత్తేది లేదనుకుంటుండగా ఆఖరి తాడు ఆఖరి కుండలో ఇది కూర్చుని ఉంది. పిడికిలంత ఉంటుంది. నలభై ఏళ్ళుగా వీటిని కుండలోంచి లాగడం, కళ్ళ మధ్య పొడవడం, బుట్టలో వెయ్యడం. దీన్ని కూడా పైకి లాగి కత్తి తీశాను. చెయ్యి లేవలేదు. ఎందుకని అడగొద్దు, నాకూ తెలియదు. బకెట్లో పెట్టుకుని వచ్చాను. బకెట్లో ఎన్నాళ్ళు ఉంటుంది.

తొట్టికి కుడిచివర దాని కుండ పెట్టాను. తిత్తి ఎడమచివర రాతి మీద ఉంది. మొదటిరోజు మూత ఎత్తుకుని బయటికొచ్చి గుమ్మం దగ్గర నీ పెరటి చెప్పుల్లో దూరింది. ఇప్పుడు మూత మీద ఇటుకలు నాలుగు పెట్టాను.

మూడోరోజు ఒక చెయ్యి చాపి కొసతో తిత్తిని తాకింది. తిత్తి వేళ్ళకి విషం ఉంటుంది కదా, చురుక్కుమని ఉంటుంది. ఒళ్ళంతా తెల్లబడిపోయి చెయ్యి లాక్కుంది. తర్వాత తన గొట్టంతో తిత్తి మీదికి నీళ్ళు చిమ్మింది. తిత్తి ముడుచుకుంది. అంతే, మళ్ళీ అటు వెళ్ళలేదు. తను తిన్న ఎండ్రకాయల డొప్పలూ ఆల్చిప్పలూ తెచ్చి తొట్టి మధ్యలో వరసగా పేర్చుతోంది. సరిహద్దు గోడ అనుకుంటా. రెండూ తమ వైపు తాము ఉన్నాయి.

ఇబ్బంది ఒకటే. ఇది బాగా తింటుంది, నీళ్ళు మూడోరోజుకే మసకబారి వాసనొస్తున్నాయి. ఈ ఉక్కకి బావ పటం దగ్గర పూల గిన్నె కూడా రెండు రోజులకే కంపు కొడుతోంది. ఏం చెయ్యాలో రాయి.

తియ్యమంటే తీసేస్తాను.

నీటి వేడి ఇరవై నాలుగు. తిత్తి ఆల్చిప్ప ముక్క ఒకటి, ఇది ఎండ్రకాయలు రెండు.

తమేజి


జూలై 6

ఒరే తెలివిమాలినవాడా,

వెయ్యకు అన్నది నువ్వు వేశాక చేరిందన్నమాట. మన ఇంట్లో ఏ మాటైనా అంతే, పని అయిపోయాకే చెవిన పడుతుంది. ఆక్టోపస్సా! తిత్తిని పీకి తినేస్తే నేను డాక్టరుకి ఏం చెప్పను? "అయ్యా, మా తమ్ముడు నలభై ఏళ్ళు ఆక్టోపస్‌లని చంపి, ఆఖరిదానితో నన్ను చంపాడు" అననా?

తీసెయ్యమని రాద్దామనే కాగితం తీశాను. ఈలోపు నీ ఉత్తరం పక్క మంచం ఆవిడకి వినిపించాను. నా చెప్పుల్లో దూరిందన్న చోట ఆవిడ నవ్వి నవ్వి కుట్లు పట్టుకుంది. ఎదుటి మంచం ముసలావిడ మా అందరికంటే పెద్దది, ఎవరితోనూ మాట్లాడదు. ఆవిడ నోరు విప్పి, "గోడ పూర్తయిందా?" అంది. నాలుగు వారాల్లో ఆవిడ గొంతు వినడం అదే మొదలు. ఇంక రోజూ అడుగుతోంది. నర్సు కూడా అడిగింది. కాబట్టి ఉంచు. గోడ సంగతి రాయి. తిత్తికి ఏమన్నా అయితే మాత్రం నీ వీపు చీరేస్తాను.

వంకాయలు ముదరనివ్వకు. నీళ్ళు వాసనొస్తే పది యెన్ల రాగి బిళ్ళలు రెండు అందులో పడెయ్. మా అత్తగారి చిట్కా. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి చేస్తున్నాను, ఎండాకాలమైనా వారం దాకా పాడవ్వవు.

చిజురు మళ్ళీ వచ్చింది. ఆశ్రమం కాగితాలు తెచ్చింది, రంగు రంగుల బొమ్మలతో. అందులో ముసలాళ్ళందరూ నవ్వుతున్నారు. ఫొటో తీసేవాడు ఏం చెప్పి నవ్వించాడో.

ఇవాళ తొమ్మిది అడుగులు. చప్పట్లు.

హిసానో


జూలై 19

అక్కకి,

ఎండలు పేలిపోతున్నాయి. నీటి వేడి ఇరవై ఎనిమిది. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తొట్టిలో తేలేస్తున్నాను, పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. ఆక్టోపస్ ఒక సీసాని కౌగిలించుకుని కూర్చుంటుంది. అది కరిగిపోతే నావైపు చూస్తుంది.

నువ్వు చెప్పినట్టే బిళ్ళలు వేశాను. వాసన తగ్గింది.

ఎదుటి మంచం ఆవిడకి చెప్పు, గోడ పూర్తి కాలేదు. జానెడు పొడవుంది. నిన్న నేను తిత్తికి ఆల్చిప్ప ముక్క అందిస్తుంటే ఇది గోడ మీదుగా చెయ్యి చాపి నా చేతిలో పుల్ల లాక్కుంది. ముక్క కాదు, పుల్ల. ఒంటి పుల్లతో తిత్తికి ఎలా పెట్టను? మధ్యాహ్నం దాకా ఇవ్వలేదు. తర్వాత ఆ పుల్లని కూడా గోడలో పెట్టేసింది.

కమెయో గారు పెరటి వైపు నుంచి పిలిచారు. "తమేజీ గారూ, ఎవరండీ చుట్టాలొచ్చారూ?"

"ఎవరూ లేరండి."

"మరి 'ఇంక చాలు, నిన్న కూడా మూడు తిన్నావు' అని ఎవరితో అంటున్నారు?"

"ఆక్టోపస్‌తో."

ఆవిడ "మంచిదండీ. చల్లగా బార్లీ నీళ్ళు తాగండి, ఎండ దెబ్బకి మంచిది" అని వెళ్ళిపోయారు.

తిత్తి ఈ నాలుగు రోజులుగా పూర్తిగా విచ్చుకోవడం లేదు. వేడి వల్ల అనుకుంటున్నాను. బావ పుస్తకాల్లో చూస్తే వేడి ఎక్కువైన ఏళ్ళలో కూడా అలాగే ఉందని రాసుంది.

తమేజి


జూలై 30

తమేజీ,

అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అడగకపోతే నిద్ర పట్టదు.

కమెయో పడవలో చిజురుకి కనబడి ఏదో చెప్పిందట. నువ్వు గుమ్మం గదిలో ఒక్కడివే కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకుంటున్నావనీ, పిలిస్తే ఉలిక్కిపడుతున్నావనీ, సీసాలు ఎప్పుడూ చేతిలోనే ఉంటున్నాయనీ. అది నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, మీ తమ్ముడు మళ్ళీ తాగుతున్నాడేమో. అలాంటి మనిషి నీకు తోడెలా అవుతాడు? డాక్టరుగారితో అదే చెప్పాను" అంది.

నేను దాన్ని తిట్టాను. "వాడు మానేసి పదకొండేళ్ళయిందే, మాట్లాడేది ఆక్టోపస్‌తో" అన్నాను. అది నావైపు చూసిన చూపు చూడాలి. ఇంక నన్ను కూడా ఆ లెక్కలోనే వేసుకుంది.

నువ్వు మటుకు నిజం చెప్పు. ఒంట్లో బాగానే ఉందా? ఒంటరిగా ఉండి ఉండి మనిషికి ఏదో అవుతుందంటారు. పెళ్ళీ పెటాకులూ లేనివాడివి, ఒక చోట కుదురుగా ఉన్నవాడివి, నేనే నిన్ను అక్కడికి లాగాను. ఇంక నెలన్నరే కదా. సెప్టెంబరులో నీ ఇంటికి నువ్వు పోతానన్నావు, పోదువుగాని. అంతకంటే నిన్ను ఏదీ అడగను. అడిగే హక్కూ లేదు.

తిత్తి విచ్చుకుందా?

హిసానో


ఆగస్టు 12

అక్కకి,

తాగడం లేదు. ఆ సీసాలు గడ్డకట్టించిన నీళ్ళవి.

తిత్తి బాగాలేదు. విచ్చుకోవడం మానేసి రెండు వారాలు. టీకప్పంత ఉండేది, ఇప్పుడు నా బొటనవేలంత. ముక్క ఇస్తే పట్టుకోవడం లేదు. ఆక్టోపస్ కూడా తినడం మానేసింది. తెల్లగా పాలిపోయి కుండ బయటే పడి ఉంటోంది, చెయ్యి పెడితే పట్టు లేదు.

ఇది చిమ్మే నీళ్ళకి తిత్తి, తిత్తి విషానికి ఇదీ పాడైపోతున్నాయనుకున్నాను. ఒక తొట్టిలో రెండూ ఇమడవని బావకి తెలిసే వెయ్యనివ్వలేదు. నేను వేశాను. నువ్వు డాక్టరుకి చెప్పింది తిత్తి గురించి. అందుకని నిన్న ఆక్టోపస్‌ని బకెట్లో రేవు గోడ చివరికి తీసుకెళ్ళి వదిలేశాను. రాయిని పట్టుకుంటుందేమో అని చూశాను. పట్టుకోలేదు. అలాగే కిందికి జారిపోయింది. కాసేపు నిలబడి వచ్చేశాను.

గోడ పూర్తయిందని ఎదుటి మంచం ఆవిడకి చెప్పు.

నీళ్ళు ఇంకా పాడవకుండా తొట్టిలో ఇంకో ఎనిమిది బిళ్ళలు వేశాను, మొత్తం పది. అయినా తిత్తిలో మార్పు లేదు.

నీటి వేడి ఇరవై తొమ్మిది. తిత్తి ఏమీ తినలేదు.

తమేజి


ఆగస్టు 15

తమేజీ, ఇది అందగానే చదువు, ఏ పనిలో ఉన్నా సరే.

బిళ్ళలు తీసెయ్. అన్నీ తీసెయ్. నేను చెప్పింది బావ పటం ముందు పూల గిన్నెలో వెయ్యమని. తొట్టిలో కాదురా. రాగి తగిలితే సముద్రపు ప్రాణి బతకదు. పెళ్ళయ్యాక మీ బావ నామీద గట్టిగా అరిచింది ఒక్కసారే, ఆ తొట్టిలో నేను రాగి గరిటె ముంచినప్పుడు. నాకు తెలుసు. తెలిసి ఏ నీళ్ళో రాయలేదు.

ఈ పెద్దల పండగ రోజుల్లో వార్డు ఫోను ఖాళీ దొరకడం లేదు. నువ్వెటూ ఫోను ఎత్తవని నర్సుని బతిమాలి కమెయో ఇంటికి చేయించాను, ఎవరూ ఎత్తలేదు. అందరూ సమాధుల దగ్గరికి పోయుంటారు. అందుకే ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

నీళ్ళన్నీ మార్చు.

ఆక్టోపస్ తప్పేమీ లేదు. నీ తప్పూ లేదు.

హిసానో


ఆగస్టు 25

అక్కకి,

నీ ఉత్తరం పదహారున అందింది. అప్పటికప్పుడే బిళ్ళలు తీశాను. పది వేస్తే పదీ దొరికాయి. కొన్ని ఆకుపచ్చగా తిరిగి ఉన్నాయి.

నువ్వు ఏ నీళ్ళో రాయలేదు, నిజమే. కానీ పడవవాణ్ణి నేను. పడవ అడుగున నత్తలూ నాచూ పట్టకూడదని ఏటేటా రాగి కలిసిన రంగు పూశాను, నలభై ఏళ్ళు. ఆ రంగు దేన్ని చంపుతుందో నాకు తెలియకనా? నువ్వు వెయ్యమన్నావని అనుకున్నాను, వేశాను. అక్క చెప్పిందంటే ఇంక ఆలోచించే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు. వెనక్కి తిరిగి పుస్తకం చూశాను. ఆ రెండూ తొట్టిలో కలిసి ఉన్నవి ఎనిమిదిన్నర వారాలు. బిళ్ళలు పడకముందు నాలుగు వారాలు ఒకదానికొకటి ఏమీ చేసుకోలేదు. చురుక్కుమన్న ఆ ఒక్కసారి తప్ప.

నీళ్ళు మూడుసార్లు పూర్తిగా మార్చాను. ఇసక తీసేసి రేవు ఇసక వేశాను. రాళ్ళు ఎండలో పెట్టాను. తిత్తి ఉన్న రాయిని ఒక్కదాన్నే కదపలేదు. ఇప్పుడది ఊరేసిన పుల్లటి చిన్న ఉమె పండంత ఉంది, ముడతలు కూడా అలాగే.

బతికుందా అని అడుగుతావు. తెలియదు. ఇలాంటివి చస్తే ఒక్క పూటలో కంపు కొడతాయి. రోజూ మూడుసార్లు వంగి వాసన చూస్తున్నాను. కంపు లేదు. డాక్టరుతో బతికే ఉందని చెప్పు. నేను అలాగే రాస్తున్నాను పుస్తకంలో.

ఎక్స్‌ప్రెస్ తెచ్చిన పోస్టాయన ఆ మెట్లన్నీ ఎక్కి, ఎవరైనా పోయారా అని అడిగాడు. ఇంకా తెలియదన్నాను.

నీటి వేడి ఇరవై ఏడు.

తమేజి


సెప్టెంబరు 3

ఒరే తమేజీ,

నీళ్ళు మొయ్యడం ఆపెయ్.

కమెయో మొన్న నన్ను చూడ్డానికి వచ్చింది. మీ తమ్ముడికి పిచ్చి అన్నందుకు క్షమించమని నారింజలు తెచ్చింది. నువ్వు మోకాలికి తువ్వాలు బిగించి కట్టుకుని, ఒక్కో మెట్టు మీదా డబ్బా పెట్టి, తర్వాత కాలు పెట్టి, మళ్ళీ డబ్బా ఎత్తి ఎక్కుతున్నావట. "మీకు చెప్పొద్దన్నారండీ, చెప్పొద్దన్నారని కూడా చెప్పొద్దన్నారు" అంది.

ఇంక నేను కూడా ఒక నిజం చెప్తాను, విను. నాకు ఆ తిత్తి అంటే ఎన్నడూ ఇష్టం లేదు. ఇరవై నాలుగేళ్ళు. దానికి పొద్దున తిండి పెట్టాలని మీ బావ ఒక్కసారి కూడా ఊరు దాటి పడుకోలేదు. బెప్పులో వేడినీటి బుగ్గలు ఉన్నాయట, ఒక్కసారి పోయి ఒళ్ళు ముంచుకుని వద్దామని ఎన్నేళ్ళు అడిగానో. "తిత్తిని ఎవరు చూస్తారు?" అనేవాడు. ఆయన పోయాక దాన్ని సముద్రంలో వదిలేద్దామని రెండుసార్లు బకెట్ తీశాను. ఆయన రాతలో ఉన్న ఆఖరి పేజీ చూసి ఆగాను, అంతే.

ఆ డాక్టరు ముందు మాత్రం, ఇంట్లో ఎవరున్నారని అడిగితే, ఎవరూ లేరనడానికి నోరు రాలేదు. అందుకని తిత్తి ఉందన్నాను. దాన్ని అడ్డం పెట్టుకుని ఇల్లు చేరదామనుకున్నాను. నా అబద్ధానికి నీ మోకాలు అరిగింది, నీ ఆక్టోపస్ పోయింది.

నిన్ను ఉండమని అడగొచ్చు కదా అంటావేమో. నువ్వు మొదటి ఉత్తరంలోనే పోతానని రాశావు. పోయేవాణ్ణి పట్టుకుని ఎలా అడగను? నువ్వు చిన్నప్పటి నుంచీ నీ గూట్లో నువ్వు ఉండేవాడివే.

పది వచ్చేస్తోంది. ఇంక నాకు ఓపిక లేదు. చిజురుతో సరే అంటాను. లిఫ్టు ఉంది, ఎక్కుతాను, దిగుతాను. ఎదుటి మంచం ఆవిడ కూడా అక్కడికే వెళ్తోందట. ఆక్టోపస్ పోయిందని చెప్పలేదు ఆవిడకి. గోడ పూర్తయింది, ఇప్పుడు కిటికీ పెడుతోంది అన్నాను.

తిత్తిని సముద్రంలో వదిలెయ్. నువ్వు నీ ఇంటికి పో. మోకాలికి కాపడం పెట్టుకో.

అక్క
హిసానో


సెప్టెంబరు 7

అక్కకి,

ఉత్తరం నిన్న చేరింది.

తిత్తి అలాగే ఉంది. విచ్చుకోలేదు, కంపూ లేదు. వదలను. నీకు ఇష్టం లేకపోతే నువ్వు చూడకు, తొట్టి నా గది వైపు జరుపుకుంటాను. అది ఉన్నా లేకపోయినా ఇప్పుడు నేను చెప్పబోయేదానికి సంబంధం లేదు.

మొదటి ఉత్తరంలో పోతానని రాశాను. ఉంటానని రాస్తే, ఈ ముసలాడు నా ఇంట్లో తిష్ట వేశాడని నువ్వు అనుకుంటావని అలా రాశాను. నువ్వు అనుకోవని ఇప్పుడు తెలిసింది. జూన్‌లో అడిగి ఉంటే బాగుండేది. నేనూ అడగలేదు.

ఇవాళ పొద్దున అవతలి రేవులో ఇల్లు తాళం వేసి, పరుపూ అన్నం వండే గిన్నే తెచ్చుకున్నాను. కమెయో గారి తోపుడుబండి అడిగి తీసుకున్నాను. అటునుంచి అటే ఊరి ఆఫీసుకి వెళ్ళి నా పేరు నీ ఇంటి చిరునామాకి మార్పించాను. ఇంటి యజమాని అన్న చోట నీ పేరే ఉంది. నాకు 'తమ్ముడు' అని రాశారు. ఆ కాగితం ఇందులో పెట్టాను. పదో తారీఖున డాక్టరు చేతిలో పెట్టు, చిజురుకి కూడా చూపించు. ఇంట్లో తోడు ఒక మనిషి ఉండాలన్నాడు కదా. నేను పెద్ద పనికొచ్చే మనిషిని కాదు, మోకాలు కూడా బాగాలేదు. కానీ కాగితం ప్రకారం ఒక మనిషినే.

కిటికీ దగ్గర కూర్చునే ఆఫీసావిడ ఫారం చూసి, ఏ తారీఖు నుంచి అక్కడ ఉంటున్నారని అడిగింది. జూన్ ఏడు అన్నాను. "మూడు నెలలైందండీ! మారిన పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. ఎందుకింత ఆలస్యమైంది?" అంది. కారణం రాయడానికి ఒక గడి ఉంది, తప్పకుండా నింపాలట.

చెప్పడం చేతకాలేదు అని రాశాను. ఆవిడ చదివి, ముద్ర వేసింది.

తమేజి